అర శ్రుతి పైకి

రేపల్లె,
మార్చి 3, 2025.

అమ్మాయీ భాగ్యశ్రీ,

గంట ఇచ్చారంటగా తల్లీ నీకు, అదీ ఆఖరి గంట! దీవెనలూ క్షేమసమాచారాలూ కింద రాస్తాను, ముందు ఈ సంతోషం చెప్పుకోనీ. నీ ఉత్తరం చదివి దిగ్గున లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియక మళ్ళీ కూర్చున్నాను. మీ అమ్మ చూసి, "ఏంటి, కాలు పట్టేసిందా?" అంది. సంగతి చెప్పాను. "డీజే అంటే వినాయకుడి ఊరేగింపులో ట్రాక్టరు మీద పెట్టి మోగిస్తారే, అదేగా? ఆడపిల్ల ట్రాక్టరు ఎక్కుద్దా?" అంది. ట్రాక్టరు కాదే శేషమ్మా, సూర్యలంక సముద్రం ఒడ్డున రిసార్టు వాళ్ళు స్టేజీ కడుతున్నారు, ఏప్రిల్ ఇరవై ఆరున ఏడుగురు తలా గంటసేపు వాయిస్తారు, ఆఖరున మన అమ్మాయి అని విడమరిచి చెప్పాను. నాటకంలోనూ అంతే కదమ్మా, సత్తా ఉన్నవాడి సీను ఆఖర్న పెట్టేవాళ్ళు, జనం లేచిపోకుండా.

పక్కింటి పుల్లమ్మ వచ్చి, "మీ అమ్మాయి పాడుద్దా అన్నయ్యా?" అంది. పాడదు, పాటల్ని కలుపుద్ది అన్నాను. "కలపడానికి అవేమన్నా పప్పూ అన్నమా?" అని నవ్వింది. నవ్వనీ.

ఫోను చెయ్యలేదని కోప్పడకు. ఫోనులో నీ మాట నాకు గచ్చు మీద చీపురు ఊడ్చినట్టు వినపడుతోంది. చెవుల డాక్టరు పై స్వరాలన్నీ పోయాయన్నాడు. కింది స్వరాలు మిగిలాయంట. అందుకే ఉత్తరం. నీ అక్షరం అయితే స్పష్టంగా వినపడుతుంది.

నా హార్మోనియం వాయింపు ఉన్న పాత క్యాసెట్టు ఏదైనా పంపమన్నావుగా, అందులో ముక్క నీ గంటలో కలుపుతానని. ట్రంకు పెట్టె అడుగున ఒకటి దొరికింది. పైన కాగితం ఊడిపోయింది. టేప్ రికార్డరు చెవికి ఆనించుకొని విన్నాను. కింది మెట్ల మీద వేళ్ళు నడుస్తున్నాయి. ఆ నడక నాదే. చాలనుకొని రిజిస్టరు పోస్టులో పంపేశాను. రెండో వైపు తిప్పి చూడలేదు, ఆనందంలో ఓపిక ఉంటుందా!

ఏడో తరగతి చదివిన హార్మోనియం కోటిలింగం వాయింపు సముద్రం ఒడ్డున మోగుతుందంటే, ఆ పూటలకి పూటలు పస్తున్న రోజులన్నీ దండగ కాలేదనిపించింది. వేళకి తిను. రాత్రిళ్ళు సముద్రం గాలికి తిరక్కు.

మీ నాన్న.


బాపట్ల,
మార్చి 10.

నాన్నా,

క్యాసెట్టు చేరింది. నువ్వు పంపింది నిధి, తెలిసి పంపావో తెలియక పంపావో గానీ.

పుల్లమ్మ పిన్నికి నువ్వు చెప్పింది నిజమే, కలపడమే నా పని. మా సౌండు షాపులో బాక్సులు అద్దెకిచ్చే పనికీ దీనికీ సంబంధం లేదు. హౌస్ అనే సంగీతం నిమిషానికి నూట ఇరవై చిల్లర దెబ్బలతో నడుస్తుంది, గుండె కాస్త పరుగందుకున్నట్టు. మొదటి నుంచి చివరి దాకా ఒకటే నడక. ఒక పాట అవ్వకముందే రెండో పాటని లోపలికి తేవాలి, వచ్చినట్టు జనానికి తెలియకూడదు. దానికి రెండు కుదరాలి. ఒకటి నడక, రెండోది శ్రుతి. నడక తప్పితే ఎవరికైనా తెలిసిపోతుంది, కాళ్ళు తడబడతాయి. శ్రుతి తప్పితే ఏం తప్పిందో చెప్పలేరు గానీ మొహాలు ముడుచుకుంటాయి.

శ్రుతులకి మాకొక చక్రం ఉంది. గడియారంలాగా పన్నెండు అంకెలు. ఆరులో ఉన్న పాట పక్కన ఐదులోదో, ఏడులోదో పెడితే అక్కాచెల్లెళ్ళలా ఒదిగిపోతాయి. దూరపు అంకె తెచ్చి పెట్టావా, కొట్లాటే.

ఇక అసలు సంగతి. రెండో వైపు ఒక ఆడగొంతు ఉంది నాన్నా! "వాకిట ముగ్గు నాదే, వచ్చే అడుగు నీదే" అనే పాట. ఏదో నాటకం, వెనక జనం. హార్మోనియం పెట్టె నీదే, కళ్ళు మూసుకొని చెప్పగలను. ఆ గొంతు ఎవరిది? ఎంత నిండుగా ఉందో, పైకి వెళ్తుంటే నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. కింద హౌస్ డ్రమ్ము వేసి చూశాను, అతికినట్టు కూర్చుంది. నీ సోలో పక్కన పెట్టేశాను, కోప్పడకు. నా ఆఖరి పాట ఇదే.

ఇంకోటి. పాట అయ్యాక జనం "వన్స్‌మోర్, వన్స్‌మోర్" అని అరుస్తారు. ఆమె మళ్ళీ ఎత్తుకుంటుంది. మొదటిసారి ఐదు శ్రుతి, నా చక్రం మీద ఆరు. రెండోసారి చూస్తే ఐదున్నర, నా చక్రం మీద ఒకటి! నీ పెట్టె మీద అది పక్క మెట్టు, నా చక్రం మీద ఊరికి ఆ చివర. టేపు వేగం పెరిగిందేమో అనుకున్నాను. టేపు వేగంగా తిరిగితే శ్రుతీ నడకా రెండూ కలిసి పెరగాలి. డోలక్కు దెబ్బలు లెక్కపెట్టాను, రెండుసార్లూ నూట పద్దెనిమిదే. అంటే తప్పు టేపుది కాదు, పెట్టె దగ్గర కూర్చున్న మనిషే మార్చాడు. వన్స్‌మోర్‌కి అర శ్రుతి ఎక్కించి వేడి పెంచావన్న మాట! మేమూ అదే చేస్తాం, జనం అలసిపోయినప్పుడు. ఏ మెషీనూ లేకుండా ఆ రోజుల్లోనే చేశావా? మా వాళ్ళందరికీ చెప్పాను, మా నాన్న మాకంటే ముందు డీజే అని.

రెండోసారి పాట పల్లవి దాకే విన్నాను. తర్వాత జనం గోల, శుభ్రం చెయ్యాలి. ఆమె ఎవరో వెంటనే రాయి.

నీ భాగీ.


రేపల్లె,
మార్చి 15.

అమ్మాయీ,

నువ్వు నన్ను డీజే అన్నావని మీ అమ్మకి చదివి వినిపించాను. "ట్రాక్టరు ఎక్కించు" అంది. చెరుకుపల్లి నుంచి బియ్యం తెచ్చినతనికి కూడా చెప్పాను. అతను పాపం అర్థం కాకపోయినా, "మంచిదండి, మంచిదండి" అన్నాడు.

ఆ గొంతు మీ అత్తయ్యది. మా ఝాన్సీది. మీ అత్తయ్య నాటకాల్లో వేసిందని నీకు తెలియదు కదూ. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు వేసింది. అది తెనాలిలో పోటీలప్పటిది, తొంభై రెండులో. గొంతు బాగుండేది. బాగా ఉండేది. తర్వాత మానేసింది. ఇప్పుడు తెనాలిలో మ్యాచింగ్ సెంటరు, చీరలకి జాకెట్టు గుడ్డలు, లంగా గుడ్డలు, తీరిక ఎక్కడ?

నువ్వు రాసినట్టే ఊపు కోసమే అమ్మా శ్రుతి ఎక్కించింది. అప్పట్లో అలాంటివి చేసేవాళ్ళం. నువ్వు ఆమె మొదటిసారి పాడింది ఒక్కటే పెట్టుకో. అదే బాగుంటుంది. రెండోది గోలగా ఉంటుంది, దాన్ని శుభ్రం చేస్తూ కళ్ళు పాడుచేసుకోకు. అత్తయ్యకి ఇప్పుడే చెప్పకు. పని మీద ఉంటుంది. నేనే సందు చూసి చెబుతాను.

ఈసారి ఎండలు ముందే ముదిరాయి. మజ్జిగ తాగు. ఆ రిసార్టు వాళ్ళు భోజనం పెడతారా? కరెంటు తీగలు తడి ఇసుకలో పడకుండా చూసుకో. పుల్లమ్మ మనవరాలికి బారసాల అయింది. మీ అమ్మ మోకాలికి నూనె రాస్తోంది. ఇంకేం విశేషాలు లేవు.

మీ నాన్న.


బాపట్ల,
మార్చి 24.

నాన్నా,

అత్తయ్యకి చెప్పొద్దన్న నీ ఉత్తరం నేను తెనాలి వెళ్ళొచ్చాక చేతికందింది. ఆ గొంతు ఎవరిదని షాపులో ఒక పెద్దాయనకి వినిపిస్తే, ఒకప్పుడు నాటకాలకి తెర కట్టిన మనిషట, "ఇది మీ కోటిలింగం చెల్లెలు కాదూ!" అన్నాడు. ఆగలేక ఆదివారం పొద్దున్న రైలెక్కేశాను.

అత్తయ్య గల్లా ముందు కూర్చుని ఒక చీర కొంగుకి ఏడు గుడ్డలు తిప్పి తిప్పి చూస్తోంది. "ఏమే బాపట్ల డాన్సు పార్టీ, దారి తప్పావా?" అంది. నేను చేసే పని చెప్పాను. "నేను రంగుకి రంగు చూస్తా, నువ్వు శ్రుతికి శ్రుతి చూస్తావు. నీ దగ్గర కొలతకి మిగిలిన ముక్కలుండవు, అంతే తేడా," అని నవ్వింది. సరదాగా ఉందనుకొని, చెప్పకుండా ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాను.

చేతిలో గుడ్డ మడత పెట్టడం ఆగిపోయింది. మొదటి పాట మొత్తం విన్నది. జనం వన్స్‌మోర్ అనగానే ఫోను నా చేతిలో పెట్టేసింది.

"ఆపవే. తర్వాతది నాకు తెలుసు."

నేను బతిమాలాను. "అత్తయ్యా, నీ పాటతో ముగిస్తా, ఒప్పుకో," అన్నాను.

"వద్దమ్మా. ఆ గొంతు నన్ను నలుగుర్లో నగుబాటు చేసింది. రెండోసారి పైకి పోయి విరిగింది. వెనక వరసలో ఎవడో కోడిలా కూశాడు. నవ్వులు. మేకప్పు కడుక్కుని వచ్చి మీ నాన్నని అడిగా, 'అన్నయ్యా, శ్రుతి మారిందా?' అని. 'లేదమ్మా, నీ గొంతే జారింది, జలుబు చేసుంటుంది' అన్నాడు. ఒక్క మాట దెప్పలేదు పాపం. అందరికీ జలుబనే చెప్పి నా పరువు కాపాడాడు. కానీ నాకు తెలుసుగా నాకు జలుబు లేదని. గొంతు నిలవని మనిషి ఎందుకు పాడాలి? వంటింట్లో కూనిరాగం కూడా తీయలేదు ఆ తర్వాత."

రాత్రికి ఇంటికొచ్చి రెండో పాట శుభ్రం చేశాను. ఆమె విరిగిన చోటు విన్నాను. కోడికూత కూడా ఉంది. మొదటిసారి అదే చోట గొంతు హాయిగా నిలబడింది, ఇంకొంచెం పైకి వెళ్ళడానికి చోటు లేదు, అంతే. నువ్వు ఎక్కించిన అర శ్రుతికే విరిగింది.

నాన్నా, శ్రుతి మారిందని అత్తయ్యకి తెలియదా?

భాగీ.


రేపల్లె,
మార్చి 28.

భాగ్యశ్రీకి,

క్యాసెట్టు తిరుగు టపాలో పంపించు. నిన్ను తెనాలి ఎవరు వెళ్ళమన్నారు? పెద్దవాళ్ళ సంగతులు పెద్దవాళ్ళవి. నీ మెషీను చెప్పిందల్లా వేదం కాదు. ఆ పాట పెట్టొద్దు. నీ గంటలో పెట్టుకోవడానికి లోకంలో పాటలే లేవా?

నాన్న.


బాపట్ల,
ఏప్రిల్ 2.

నాన్నా,

క్యాసెట్టు ఇదే కవరులో ఉంది. నా దగ్గర కాపీ ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ నువ్వూ అత్తయ్యా ఇద్దరూ వద్దన్నారు కాబట్టి పెట్టను. ఆఖరి ఆరు నిమిషాలకి ఇంకేదో వెతుకుతున్నాను. ఏదీ కుదరడం లేదు, అది నా బాధ.

నిన్న అత్తయ్య ఫోను చేసింది. దుకాణం మూసే వేళప్పుడు. "ఏమే, నీ మెషీను శ్రుతి ఇదీ అని చెప్పుద్దంటగా. ఆ రెండు పాటలూ ఒకే శ్రుతేనా?" అని అడిగింది. ముప్పై మూడేళ్ళుగా ఆ ప్రశ్న ఆమె లోపలే ఉంది నాన్నా. "నాన్నని అడిగి చెప్తా అత్తయ్యా," అన్నాను. "ఆయన్నెందుకు అడగటం? ఆయన చెప్పాడుగా," అని పెట్టేసింది.

నేను మళ్ళీ తెనాలి వెళ్ళినప్పుడు ఆమె మళ్ళీ అడుగుతుంది. నేను అబద్ధం చెప్పలేను. నువ్వు చెప్పాల్సింది నేను చెప్పడం బాగుండదు. ఇంతే.

భాగీ.


రేపల్లె,
ఏప్రిల్ 7.

చెల్లెమ్మా ఝాన్సీ,

నీ గొంతు జారలేదు. నేనే శ్రుతి ఎక్కించాను.

ఈ ముక్క రాయడానికి నాలుగు కాగితాలు చించాను. మిగతాది ఎలా వస్తే అలా రాస్తాను.

ఆ రోజు నువ్వు మొదటిసారి పాడినప్పుడు ఐదు శ్రుతి. నీకు సరిగ్గా సరిపోయే కొలత. జనం వన్స్‌మోర్ అన్నారు. తెర పక్కన హనుమాన్‌ప్రసాద్ గారు నిలబడి ఉన్నారు, రాజు వేషంలో, తర్వాత పద్యం ఆయనది. ఆయనది ఐదున్నర అని నీకు తెలుసు. అప్పటికి నీకు మూడు వన్స్‌మోర్‌లు, ఆయనకి ఒక్కటీ లేదు. వంగి నా చెవిలో, "కోటిలింగం, పెట్టె నా శ్రుతికి ఎక్కించు. మీ చెల్లెలు ఎంత దూరం పోతుందో చూద్దాం," అన్నాడు. ఏ ఊళ్ళో నాటకం ఆడినా ఆయన నన్నే పిలిచేవాడు. పెట్టె వాయించేవాడు హీరో శ్రుతికి పోవాలి, అది మన రివాజు. నేను ఎక్కించాను. నీకు సైగ చెయ్యలేదు. కళ్ళు కూడా పైకెత్తలేదు.

ఆయన అడిగాడు కాబట్టి చేశానని రాసి ముగిద్దామనుకున్నాను. అది సగమే అమ్మా. పద్దెనిమిదేళ్ళు వాయించాను. నా పెట్టె మీద నిలబడి ఎంతోమంది వన్స్‌మోర్‌లు కొట్టించుకున్నారు. ఒక్కడు కూడా 'హార్మోనియం వన్స్‌మోర్' అనలేదు. నా వెనకాల నడిచి స్వరాలు నేర్చుకున్న పిల్లవి, నాలుగేళ్ళకి నన్ను దాటి పోతున్నావు. ఆ నిమిషంలో నాకూ చూడాలనిపించింది, ఎంత దూరం పోతావో. నువ్వు పడాలనుకోలేదు. పడితే చూద్దామనుకున్నాను. ఈ రెంటికీ తేడా ఉందని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. లేదు.

నువ్వు మొహం కడుక్కుని వచ్చి అడిగావు. నీ చెవి పక్కన తెల్లరంగు ఇంకా పోలేదు. "శ్రుతి మారిందా అన్నయ్యా?" అన్నావు. అప్పుడు అవునని ఒక్క మాట అనుంటే కొట్టేదానివి, తిట్టేదానివి, మర్నాడు మళ్ళీ పాడేదానివి. లేదన్నాను. పైగా జలుబన్నాను. నీ పరువు కాపాడానని నువ్వు నాకు దణ్ణం పెట్టినంత పని చేశావు. ఆ తర్వాత ప్రతి రాఖీకీ నా చేతికి దారం కడుతూ నా మొహంలోకి చూస్తావే, నేను గోడ మీద క్యాలెండరు చూస్తాను. నువ్వు గమనించే ఉంటావు.

భాగ్యశ్రీ మెషీను చెప్పకపోతే ఇది చెప్పేవాడిని కాదు. ఆ సంగతి కూడా రాయాలి, లేకపోతే ఇది కూడా గొప్ప కోసం రాసినట్టవుద్ది. పిల్ల దగ్గర కూడా ఊపు కోసం మార్చానని బొంకాను. క్షమించమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ అన్నయ్య.


తెనాలి,
ఏప్రిల్ 16.

అన్నయ్యకి,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. నమస్కారం అని రాయబుద్ధి కాలేదు, అందుకే రాయలేదు.

చదివిన రోజు మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం దించాను. బేరానికి వచ్చిన ఆవిడ, "ఏంటమ్మా, అప్పుడే మూసేస్తున్నారు?" అంది. ఒంట్లో బాగాలేదన్నాను. జలుబు అన్నాను! ఆ మాట నా నోట్లో నుంచే వచ్చింది చూడు. గుడ్డల తానుల వెనకాలకి పోయి కూర్చుని ముందు నవ్వాను. తర్వాత నిన్ను చాలా తిట్టాను. ఇక్కడ రాయను, పోస్టుమేన్ మంచివాడు.

తర్వాత ఒక పని చేశాను. భాగీ నా ఫోనులో తంబూరా మోగేది ఒకటి పెట్టించి పోయింది. ఐదు శ్రుతి పెట్టుకొని ఎత్తుకున్నాను. ముప్పై మూడేళ్ళ తర్వాత. పల్లవి సగంలోనే గొంతు జీరపోయింది. నాలుగుకి దించాను. అక్కడా అంతే. మూడుకి దించి, పల్లవి ఒక్కటి ఎలాగో ఒడ్డుకి చేర్చాను. ఆ రోజు నా గొంతు జారలేదన్నావు, సంతోషం. ఇవాళ జారింది. ఇవాళ ఎవరూ శ్రుతి మార్చలేదు. ఇన్నేళ్ళు మూసిపెట్టాను, తుప్పు పట్టింది. దీనికి ఏం జబ్బని చెప్తావు అన్నయ్యా నలుగురికీ?

నేను పోతే పోయాను. నా కడుపున పుట్టిన దీప్తి ఎనిమిదో క్లాసులో బడిలో పాడతానని వస్తే, "మన వంశంలో గొంతు నిలవదే, అల్లరిపాలవుతావు," అని నేనే మాన్పించాను. అది ఏడ్చి ఊరుకుంది. ఇప్పుడు దాని కూతురికి నాలుగేళ్ళు, రోజంతా ఏదో పాడుతూనే ఉంటది. మొన్నటి దాకా దీప్తి దాన్ని కూడా కసురుతూనే ఉంది, నేను చెప్పిన మాటే చెప్పి. నువ్వు ఎక్కించిన అర మెట్టు ఎంత దూరం పోయిందో చూడు.

హనుమాన్‌ప్రసాద్ చచ్చిపోయి పదేళ్ళు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన నాకు అన్న కాడు.

భాగీని పాట పెట్టుకోమన్నాను. రెండూ పెట్టమన్నాను. విరిగిన చోటు కోయొద్దన్నాను, కోడికూత కూడా ఉంచమన్నాను. అది జరిగింది, ఎందుకు దాచాలి? ఇరవై ఆరున నేను బాపట్ల పోతున్నాను, దాని పక్కన నిలబడతాను. నిన్ను రావద్దు అనను. ముందు వరసలో కూర్చోకు.

ఝాన్సీలక్ష్మి.


రేపల్లె,
ఏప్రిల్ 28.

అమ్మాయీ,

అదరగొట్టావే తల్లీ! నేను వచ్చాను. చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చాను. నీకు కనపడలేదు, కావాలనే. మీ అత్తయ్య ముందు వరస వద్దంది కాబట్టి వేరుశనక్కాయల బండి దగ్గర నిలబడ్డాను. అక్కడ ఒక పెద్ద స్పీకరు బాక్సు ఉంటే దాని చెక్క మీద అరచెయ్యి ఆనించాను. బండబ్బాయి, "తాతా, చెవులు పోతాయి, ఇటు రండి," అన్నాడు. పోయిన చెవులేరా, చేత్తో వింటున్నా అన్నాను.

ఆ దెబ్బలు అరచేతిలో నుంచి భుజం దాకా వచ్చాయమ్మా. ఒక పాటలోకి ఇంకో పాట ఎప్పుడు దూరిందో నాకు పట్టుబడలేదు. పద్దెనిమిదేళ్ళు శ్రుతి చూసినవాణ్ణి, నాకే పట్టుబడలేదు! ఒక్కొక్కటీ పక్క అంకె నుంచి పక్క అంకెకి నడిపించి ఉంటావు. తర్వాత నా పెట్టె మోగింది. నా వేళ్ళు, ముప్పై ఎనిమిదేళ్ళ వయసు వేళ్ళు. దాని మీద ఝాన్సీ గొంతు నాకు పూర్తిగా వినపడలేదు, పైది పోయింది, కింది సగం వినపడింది. జనం ఊగుతున్నారు. పొట్టి చొక్కాల పిల్లలు, వాళ్ళకి ఆ పాట ఏంటో తెలియదు, చేతులు ఎత్తి ఊగుతున్నారు.

వన్స్‌మోర్ అరుపులు వచ్చాయి. అప్పుడు నువ్వు డ్రమ్ము తీసేశావు. పెట్టే గొంతూ మాత్రమే. నేను శ్రుతి మార్చిన ఆ క్షణం అరచేతికి తెలిసింది. చెక్క వేరే రకంగా వణికింది. నువ్వు దాన్ని సర్దలేదు, సరిచెయ్యలేదు, ఉన్నది ఉన్నట్టు ఉంచావు. విరిగిన చోట ఒక్కరూ నవ్వలేదు. ఏదో బాధలో పాడుతోందనుకున్నారో ఏమో, అందరూ నిలబడిపోయారు.

స్టేజీ మీద మీ అత్తయ్య నీ పక్కన చేతులు కట్టుకొని నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర, దానికి సరిగ్గా కుదిరిన జాకెట్టు. ఆ చోటు దాటాక తల తిప్పి జనంలో వెతకడం మొదలుపెట్టింది. ఎవర్ని వెతుకుతోందో నాకు తెలుసు. ఇటు చూసింది.

నేను బండి వెనకాల దాక్కున్నాను.

డెబ్భై ఒకటి వచ్చినవాణ్ణి, శనక్కాయల బస్తా పక్కన గొంతుక్కూర్చున్నాను. ఆమె కళ్ళు అటు పోయే దాకా లేవలేదు. బస్సులో వస్తూ అంతా అదే ఆలోచన. ఉత్తరం రాస్తే చెప్పినట్టే అనుకున్నాను. ఆమెకి తెలియజేశాను, ఆమె ఒక్కతే మోసుకోవాలని మళ్ళీ ఆమె మీదే పెట్టాను. మన వాళ్ళందరికీ ఝాన్సీ అంటే ఇప్పటికీ గొంతు జారిన ఝాన్సీయే. వాళ్ళకి నేనే చెప్పాను, వాళ్ళకి నేనే తిరగ చెప్పాలి. ఇది మంచి కబురేనమ్మా, సంతోషంగా చెప్పాల్సిన కబురు. మా చెల్లెలి గొంతు బంగారం, ఏనాడూ జారలేదు, కోటిలింగం మార్చాడు అని. ఎవరెవరికి చెప్పాలో రాసుకున్నాను. ఫోను చెయ్యాల్సినవాళ్ళకి నువ్వు కలిపి నా పక్కన కూర్చో, మాట నేనే చెబుతాను, వాళ్ళు ఏమన్నారో నువ్వు కాగితం మీద రాసి చూపించు.

చీరాలలో మా అక్క పుష్పలతకి. ఆ రోజు మూడో వరసలో ఉంది, అవమానం భరించలేక మధ్యలో లేచి వెళ్ళిపోయింది.

భట్టిప్రోలు హైమావతి పిన్నికి. తొంభై దగ్గర పడింది, గట్టిగా చెప్పాలి. ఝాన్సీ పెళ్ళిచూపులప్పుడు "పిల్ల పాడదు లెండి, గొంతు పోయింది" అని చెప్పింది ఈవిడే, నా మాట నమ్మి.

దీప్తికి. దానికి ఫోను వద్దు, నేనే తెనాలి వెళ్తాను. దాని కూతురి ముందే చెబుతాను.

మీ తెనాలి మామయ్యకి, ఝాన్సీ ఒప్పుకుంటేనే. ముందు ఆమెని అడుగు.

చెరుకుపల్లిలో హనుమాన్‌ప్రసాద్ గారి మనవడు జశ్వంత్‌కి. వాళ్ళ తాత అడిగాడు, వేలు మాత్రం నాదే అని అదే వరసలో చెప్పాలి, తలకిందులు చెయ్యకూడదు.

పుల్లమ్మకి. చుట్టం కాదు గానీ పుల్లమ్మకి చెబితే రేపల్లెలో మిగతావాళ్ళకి చెప్పక్కర్లేదు.

మీ అమ్మకి. ముప్పై మూడేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ ఆ కోడికూత కూసి చూపించి అందర్నీ నవ్విస్తుంది, ఝాన్సీ ఎదురుగా కూడా, నేను పక్కనే కూర్చుని నవ్వుతాను. ఆ కూత దేనిదో నీకు మాత్రం ఎవరం చెప్పలేదు. మీ అమ్మకి మాత్రం నువ్వు చెప్పకు. వంటింట్లో ఉంది. లేస్తున్నాను.